అల్లుడుగారి ఇంటి ముందు నాట్లు

ఆష్‌బర్న్, వర్జీనియా
ఏప్రిల్ 8

బావగారు శేషగిరి గారికి,

మీ వియ్యంకుడు వీరాంజనేయులు నమస్కారాలు. మా చంద్రిక, అల్లుడు తేజేశ్వర్ గారు కులాసా. షామ్‌బర్గ్‌లో మీరు, మీ అమ్మాయి రాధారాణి కులాసా అని తలుస్తాను. ఫోను చేద్దామంటే మీకు ఫోనులో వినపడదు, నాకు ఫోనులో మాట రాదు. అందుకని ఉత్తరం.

ఒక సంగతి. ఎవరికి చెప్పాలో తెలియక మీకు రాస్తున్నాను.

అల్లుడుగారి ఇంటికి తూర్పున ఒక పెద్దావిడ ఉంటుంది. పేరు డోరతీ. ఒంటరి మనిషి. ఆవిడ జాగాలో నేలకి కరుచుకొని పాకే మొక్కలున్నాయి. జానెడు ఎత్తు. ఆకు సన్నం, సరుగుడు ఆకుని చిన్నది చేసినట్టు ఉంటుంది. ఊదారంగు పూలు, ఆవగింజంత. పాకి పాకి మన వైపు కొంచెం వచ్చాయి.

మొన్న ఆవిడ నన్ను పిలిచి ఆ మొక్కలు చూపించి చాలాసేపు మాట్లాడింది. చివర్న ఏదో అడిగింది. నేను తల ఊపాను. ఎవరు ఏం అడిగినా తల ఊపడం నాకు అలవాటని మీకు తెలుసు. పెళ్ళి ముహూర్తం తెల్లవారుజామున నాలుగింటికి పెడదామా అని మీరు అడిగినప్పుడు కూడా అలాగే ఊపాను.

మర్నాడు చూస్తే మన వైపు వచ్చిన మొక్కలన్నీ వేళ్ళతో సహా పీకి, తడి గోనెగుడ్డల్లో చుట్టి, కట్టలు కట్టి, హద్దు మీద వరసగా పెట్టి ఉన్నాయి. ఆవిడ లేదు. కారు లేదు.

బావగారూ, నారు పీకి కట్టలు కట్టి గట్టు మీద పెడితే ఏమిటి అర్థం? నాటమనే కదా. ఎండెక్కుతోంది. పిల్లలు ఆఫీసుకి పోయారు. నారు వాడిపోతుంటే చూస్తూ కూర్చోలేకపోయాను. అల్లుడుగారి ఇంటి ముందు ఉత్త గడ్డి తప్ప ఏమీ లేదు. మేసే పశువు కూడా లేదు. ఆ గడ్డి చెక్కేసి నాట్లు వేశాను. మన ఊళ్ళో నాట్లు ఆడవాళ్ళు వేసేవారు, నేను కట్టలు అందించేవాణ్ణి. అందుకని వరసలు కొంచెం వంకర వచ్చాయి. పొద్దున మొదలుపెడితే చీకటి పడేదాకా పట్టింది.

పిల్లలు ఇంకా చూడలేదు. ఆ రోజు చీకటి పడ్డాకే వచ్చారు. కారు గారేజీలోకి పోనిచ్చి లోపలినుంచి లోపలికే వచ్చేస్తారు.

మీ
వీరాంజనేయులు

తా.క. ఆ మొక్క మనుషులు తినేదా, పశువులు తినేదా తెలియలేదు. ఒక రెమ్మ నమిలి చూశాను. ఏ సంగతీ తేలలేదు.

---

షామ్‌బర్గ్, ఇల్లినాయిస్
ఏప్రిల్ 14

మహారాజశ్రీ బావగారు వీరాంజనేయులు గారి సముఖమునకు శేషగిరి వ్రాయునది.

తమ ఉత్తరం అందినది. చదివి కుర్చీలోంచి లేచాను. లేచి మళ్ళీ కూర్చున్నాను. ఈ మూడో అంతస్తు అపార్టుమెంటులో లేచినవాడు వెళ్ళడానికి చోటు లేదు.

తేజేశ్వర్ కొత్త ఇల్లు కొన్నాడని తెలుసు. చేను కూడా కొన్నాడని నాకు ఎవరూ చెప్పలేదు. నేను సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో హెడ్ గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. తాలూకాలో ఏ సెంటు భూమి చేతులు మారినా నా బల్ల మీదుగా మారేది. అలాంటిది నా కొడుకు అమెరికాలో భూమి కొంటే నాకు వియ్యంకుడి ఉత్తరంలో తెలిసింది. సరే. వాడు చెప్పేదాకా నేను అడగను. నేను అడిగినట్టు మీరూ చెప్పవద్దు.

ఈ వయసులో మీరు నాట్లలో దిగారంటే మనసుకి కష్టంగా ఉంది. కొంచెం గర్వంగానూ ఉంది. ఒక మనిషి పొద్దుట్నుంచి చీకటి దాకా నాటాడంటే ఎంత తక్కువ వేసుకున్నా అయిదారు సెంట్లు. పైగా గడ్డి చెక్కి మరీ. మిగతా చేను ఎప్పుడు వేస్తారు? కూలీలు దొరకరా?

సదరు భూమికి నాలుగు హద్దులు, నీటి వసతి, పైరు పేరు వెంటనే రాయగలరు. హద్దులు లేని భూమి గురించి ఆలోచించడం నాకు చేతకాదు.

ఇట్లు
తమ విధేయుడు
శేషగిరి

తా.క. సాయంత్రం పార్కులో మన తెలుగువాళ్ళ బెంచీ దగ్గర ఈ సంగతి చెప్పాను. రాధాకృష్ణ గారు వాళ్ళ అబ్బాయికి పడవ ఉందని రోజూ చెబుతారు. ఇవాళ చెప్పలేదు.

---

ఆష్‌బర్న్
ఏప్రిల్ 20

గౌరవనీయులైన బావగారికి వీరాంజనేయులు నమస్కారాలు.

మీరు చేను అని రాశారు. మీ వైపు ఇంటి ముందు జాగాని అలా అంటారు కాబోలు అనుకున్నాను. అడిగిన వివరాలు రాస్తున్నాను.

తూర్పు డోరతీ గారు. పడమర అల్లుడుగారి రెండో కారు. ఉత్తరం వంటింటి కిటికీ. దక్షిణం రోడ్డు, దాని అంచున ఉత్తరాల డబ్బా. నీరు పైపు నీరు, తిప్పినప్పుడల్లా వస్తుంది. నాటిన రోజునే చుట్టూ చిన్న గట్టు పోసి నీళ్ళు నిలబెట్టాను. పైరు పేరు హెదర్. చంద్రిక ఫోనుతో ఫోటో తీస్తే ఆ పేరు వచ్చింది. నేలని కప్పడానికి పెంచుతారట. నేలని ఎందుకు కప్పాలో ఫోను చెప్పలేదు.

ఫోటో ఎందుకు తీసిందో అదే రాయాలి. శనివారం పిల్లలు ఇంటి ముందుకి వచ్చారు. అల్లుడుగారు అలాగే నిలబడిపోయారు.

"చందూ, ఏంటిది? ఆవిడ మన లాన్‌లోకి వచ్చేసింది."

"మొన్నటిదాకా అంచునే ఉండేవి కదా తేజా."

"అంచు ఏంటి, గడ్డి మొత్తం తీసేసి ప్లాంట్ చేసింది. వరసలు చూడు. ఎవరికో కాంట్రాక్ట్ ఇచ్చినట్టుంది."

నా వరసల గురించి ఒకరు మంచిగా అనడం అదే మొదలు. కానీ సంతోషించే వీలు లేదు. చంద్రిక నా వైపు తిరిగింది. "నాన్నా, రోజంతా ఇంట్లోనే ఉంటావు కదా. ఎవరు పెట్టారో చూశావా?"

నేను తల ఊపాను.

"చూశావా, చూడలేదా?"

మళ్ళీ ఊపాను. అది ఏ జవాబో నాకే తెలియలేదు.

ఇవాళ కాలనీ అసోసియేషన్ నుంచి నోటీసు వచ్చింది. ఇంటి ముందు గడ్డే ఉండాలట. అనుమతి లేకుండా మార్చారట. మే పదహారున శనివారం వచ్చి చూస్తారట, సమాధానం చెప్పాలట. "సమాధానం నేను చెబుతాను. పక్కావిడ మీద కంప్లెయింట్ రైజ్ చేస్తాను, తనే పీకించుకుంటుంది," అన్నారు అల్లుడుగారు.

ఆవిడ ఏ పాపమూ ఎరగదు బావగారూ. నాటింది నేను. ఆ ముక్క నోటిదాకా వస్తుంది, అల్లుడుగారిని చూడగానే లోపలికి పోతుంది. అల్లుడి ఇంట్లో ఉంటూ అల్లుడి గడ్డి చెక్కానని ఎలా చెప్పను? మీరు తండ్రి. మీరు ఒక మాట అంటే తేలిగ్గా పోతుంది. దయచేసి అనగలరు.

మీ
వీరాంజనేయులు

తా.క. ఆ గడ్డి విత్తనాలు అల్లుడుగారు కొని తెచ్చి చల్లారట. గడ్డికి విత్తనాలు అమ్ముతారని నాకు తెలియదు. తెలిస్తే చెక్కేవాణ్ణి కాదు.

---

షామ్‌బర్గ్
ఏప్రిల్ 26

బావగారికి శేషగిరి అనేక నమస్కారములు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రాధారాణి చేత పైకి చదివించుకుని ఇంకోసారి విన్నాను. అంతా అర్థమైంది. ఇది హద్దు తగాదా.

చేలోనే ఇల్లు కట్టుకున్నాడన్నమాట. వంటింటి కిటికీ హద్దు అయినప్పుడే గ్రహించాను. రెండో కారు చేను గట్టున పెట్టుకున్నాడు. చేనుని మీ ముందు లాన్ అన్నాడు చూశారా? నా చెవిన పడకూడదని ఎంత జాగ్రత్త. ఇలాంటివాడికి నేను ఫోన్ చేయాలా? చేయను.

మీరు మన భూమిలో నాటారు. తూర్పు హద్దుదారు ఆ పైరు తనదంటోంది. పైగా అసోసియేషన్ చేత నోటీసు ఇప్పించింది. నా సర్వీసులో ఇలాంటివి ఎన్ని చూశాను. పెద్దావిడ అని జాలిపడకండి. జాలిపడ్డవాళ్ళు తరవాత మా ఆఫీసు వరండాలో కూర్చునేవాళ్ళు.

చేయవలసినవి చెబుతాను. హద్దు వెంట రాళ్ళు పాతండి. ఎవరూ కదల్చలేనంత పెద్దవి. తరవాత, భూమిలో ఎవరు కూర్చుంటే స్వాధీనం వాళ్ళది. కాబట్టి కుర్చీ వేసుకుని పొద్దున్నుంచి సాయంత్రందాకా హద్దు మీద కూర్చోండి. ఆవిడ ఏమన్నా మాట్లాడకండి. మాట్లాడకపోవడం మీకు కష్టం కాదు.

ఇట్లు
తమ
శేషగిరి

తా.క. హెదర్ గురించి రాధాకృష్ణ గారిని అడిగాను. వాళ్ళ అబ్బాయి పడవ మీద అలాంటివి పెంచరని చెప్పారు.

---

ఆష్‌బర్న్
మే 3

బావగారికి వీరాంజనేయులు నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం.

మీరు చెప్పినట్టే చేశాను. పెద్ద రాళ్ళు దొరకలేదు. ఇంటి వెనక ఒక మూల తెల్లటి గులకరాళ్ళ కుప్ప ఉంది. అవి తెచ్చి హద్దు వెంట పేర్చాను. ఒక పిల్లి వచ్చి రెండు కదిల్చింది. మళ్ళీ పెట్టాను.

కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కాసేపటికి డోరతీ గారు బయటికి వచ్చారు. నన్ను చూశారు. రాళ్ళు చూశారు. లోపలికి వెళ్ళారు. పోలీసులకి చెప్పడానికేమో అనుకున్నాను. తన కుర్చీ తెచ్చుకుని హద్దుకి అటువైపు, నా పక్కనే వేసుకుని కూర్చున్నారు.

ఇప్పుడు స్వాధీనం ఎవరిది బావగారూ? మీరు ఆ సంగతి రాయలేదు.

ఆ రోజునుంచి రోజూ ఇద్దరం కూర్చుంటున్నాము. పాలు లేని టీ తెస్తారు. ఆవిడ ఎక్కువ మాట్లాడరు. మాట్లాడినా నాకు అర్థం కాదు కాబట్టి ఎక్కువో తక్కువో చెప్పలేను.

పనిలో మాత్రం మాకు కుదరడం లేదు. నేను పైపు తిప్పి మడి నింపుతాను. ఆవిడ వచ్చి పైపు కట్టేస్తారు. నేను తిప్పుతాను. ఆవిడ కట్టేస్తారు. ఒకరోజు తోట పనిముట్టు తెచ్చి నేను పోసిన గట్టుకి గండి కొట్టారు. నీళ్ళన్నీ రోడ్డు మీదికి పోయాయి. ప్రాణం ఉసూరుమంది. కానీ మర్నాడు చూస్తే పసుపుబారుతున్న రెమ్మలు తేరుకుని నిలబడ్డాయి. ఈ మొక్కకి వేళ్ళలో నీళ్ళు నిలబడితే పడదు కాబోలు. నాటేటప్పుడు ఎవరు చెప్పారు?

చంద్రిక కరివేపాకు మొక్కకి పోసే పుల్లమజ్జిగ మిగిలితే కొంచెం వీటికీ పోశాను. డోరతీ గారు గిన్నె వాసన చూశారు. కాసేపు ఆలోచించారు. తన వైపు మొక్కలు చూపించారు. వాటికీ పోశాను.

పూత అయిపోయింది. ఇక కాయ కడుతుందని చూస్తున్నాను. నిన్న ఆవిడ కత్తెర తెచ్చి తన మొక్కల తలలన్నీ కత్తిరించేశారు. పూత రాలిన పైరుని కాయ కట్టకముందే ఎవరైనా కోస్తారా? తరవాత కత్తెర నా చేతికిచ్చి నా వరసలు చూపించారు. నేను తల ఊపాను. ఊపాను కాబట్టి కత్తిరించాను. నాది బాగా రాలేదని నా చేతి మీద చెయ్యి వేసి ఎంత ఎత్తులో కత్తిరించాలో చూపించారు.

ఇలాంటి మనిషి మీద అల్లుడుగారు ఫిర్యాదు రాస్తున్నారు. రాత్రి భోజనాల దగ్గర చంద్రికకి చదివి వినిపించారు. ఇంగ్లీషు. మధ్యలో ఆవిడ పేరు మాత్రం తెలిసింది. అన్నం సహించలేదు. వాళ్ళు వచ్చి చూసే శనివారానికి ఇంకా రెండు వారాలు కూడా లేవు.

మీరు ఫోన్ చేయనన్నారు. పోనీ ఒక కార్డు ముక్క అయినా రాయండి అల్లుడుగారికి.

మీ
వీరాంజనేయులు

తా.క. గడ్డి కూడా అంతే బావగారూ. పెంచుతారు, కోస్తారు, పారేస్తారు. ఈ దేశంలో కోతలు ఉన్నాయి కానీ కుప్ప నూర్పిళ్ళు లేవు.

---

షామ్‌బర్గ్
మే 8

బావగారు వీరాంజనేయులు గారికి శేషగిరి తొందరలో వ్రాయునది.

కార్డు ముక్కలతో అయ్యే పని కాదు. నేనే వస్తున్నాను.

హద్దుదారు మన చేలోకి వచ్చి గట్టుకి గండి కొట్టింది. మన పైరు మీ చేతనే కోయించింది. టీ ఇచ్చి కోయించింది. మీరు చేతి మీద చెయ్యి దాకా రాశారు. ఇంకా ఆగితే మీ చేత సంతకం కూడా పెట్టిస్తుంది. సంతకం అడిగితే తల ఊపకండి. ఇది వియ్యంకుడిగా కాదు, హెడ్ గుమాస్తాగా చెబుతున్నాను.

పదిహేనో తారీఖు శుక్రవారం విమానం. రాధారాణి బుక్ చేసింది. తమ్ముడితో "నాన్న ఊరికే చూడ్డానికి వస్తున్నారు" అని మాత్రం చెప్పమన్నాను. శనివారం అసోసియేషన్ వాళ్ళతో నేను మాట్లాడతాను. నాకు ఇంగ్లీషు రాయడం బాగా వచ్చు. మాట్లాడడం కూడా వచ్చు, కాకపోతే వాళ్ళు తిరిగి ఏమంటారో వినపడదు. వాదనకి అదీ మంచిదే.

మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు కొన్నాను. ఈత ఆకుల టోపీలాంటిది ఒకటి దొరికింది. గోంగూర విత్తనాలు రాధాకృష్ణ గారు ఇచ్చారు. మిగతా చేను ఖాళీగా ఎందుకుండాలి? చేలో నిలబడి ఫోటో తీయించుకుని పంపిస్తానని బెంచీ మొత్తానికి మాట ఇచ్చాను.

ఇట్లు
తమ
శేషగిరి

తా.క. విమానాశ్రయానికి ట్రాక్టరు పంపవద్దు. కారు చాలు. నడుం నొప్పి.

---

ఆష్‌బర్న్
మే 12

బావగారికి వీరాంజనేయులు నమస్కారాలు.

రావద్దు.

ఇలా రాయడం తప్పు. వియ్యంకుణ్ణి రావద్దనడం ఎక్కడా లేదు. కానీ ట్రాక్టరు అన్న మాట చదివాక నాకు అనుమానం వచ్చింది. మొదటినుంచీ మీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను.

అల్లుడుగారికి చేను లేదు. ఇంటి ముందు గడ్డి పెరిగే జాగా ఉంది. రెండు నవారు మంచాలు వేస్తే మూడోది పట్టదు. అందులో నేను నాటాను. రోజంతా పట్టింది ఎందుకంటే నాకు మోకాళ్ళు వంగవు. ఒక మొక్క నాటి లేవడానికి చాలాసేపు పడుతుంది.

హద్దు తగాదా కూడా లేదు. తగాదా నాకూ నా నోటికీ.

బూట్లు తిరిగి తీసుకుంటారేమో కొట్టువాణ్ణి అడగండి.

మీ
వీరాంజనేయులు

తా.క. ఈ ఉత్తరం డబ్బాలో పెట్టి, పోస్టువాడికి గుర్తుగా దాని ఎర్ర జెండా ఎత్తాను. డోరతీ గారు చూసి జెండా సరిగ్గా నిలబెట్టారు. నాకు సాయం చేయని రోజు లేదు.

---

ఆష్‌బర్న్, పై గది
మే 16, సాయంత్రం

కింద గదిలో ఉన్న వీరాంజనేయులు గారికి పై గదిలో ఉన్న శేషగిరి వ్రాయునది.

మీతో మాట్లాడకూడదని నిశ్చయించుకున్నాను. ఉత్తరం మాట్లాడడం కిందికి రాదు. చంద్రిక కాఫీతో పాటు మీకు అందిస్తుంది.

నిన్న కారు దిగి "చేను ఎంత దూరం?" అని అడిగాను. తేజేశ్వర్ "ఏ చేను నాన్నా?" అన్నాడు. మీరు కాలి బొటనవేలితో నేల మీద ఏదో రాస్తున్నారు. నేను రబ్బరు బూట్లతో ఆ రెండు మంచాల జాగాలో నిలబడ్డాను. బూట్లు రెండు వరసలు ఆక్రమించాయి. అప్పటినుంచి భోజనానికీ, ఇవాళ అసోసియేషన్ వాళ్ళు వచ్చినప్పుడూ తప్ప కిందికి రాలేదు. మీరు రావద్దని రాసిన ఉత్తరం షామ్‌బర్గ్ చేరేసరికి నేను బయల్దేరిపోయాను. రాధారాణి దాన్ని అర్జెంటు పోస్టులో ఇక్కడికి తిప్పి పంపింది. ఇవాళ ఉదయం డబ్బాలోంచి మీరే తీసి, కవరు మీద మీ చేతిరాతే చూసి కూడా, ఏమీ అనకుండా నా చేతికిచ్చారు.

ఇక ఈ రోజు జరిగినది. ఇంగ్లీషులో నడిచినది మీకు చంద్రిక చెప్పే ఉంటుంది. రికార్డు కోసం రాస్తున్నాను.

అసోసియేషన్ వాళ్ళు ముగ్గురు వస్తారన్నారు. ఇద్దరే వచ్చారు. తేజేశ్వర్ ఫిర్యాదు కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. డోరతీ అన్న పేరు రాగానే మీరు ఇంట్లోంచి వచ్చారు. చెప్పులు లేవు. వాడికీ ఆ ఇద్దరికీ మధ్య నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. తరవాత నేల మీదికి వంగి, మోకాళ్ళు వంగవని నాకు రాసిన మనిషి, మొక్క నాటినట్టు చేసి చూపించారు. మళ్ళీ గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు.

తేజేశ్వర్ "మామయ్యగారూ, మీరా?" అన్నాడు.

మీరు "నేనే బాబూ. గడ్డి కూడా నేనే. ఆవిడ కాదు," అన్నారు. ఏడు మాటలు. నాకు కూడా వినపడ్డాయి.

అప్పుడు పక్కింటి తలుపు తీసుకుని ఆవిడ వచ్చింది. వచ్చి ఆ ఇద్దరి మధ్యన నిలబడింది. అసోసియేషన్ తోటల కమిటీలో మూడో మనిషి ఆవిడే. అధ్యక్షురాలు. ఇన్నాళ్ళూ ఏ నోటీసు నుంచి ఆవిణ్ణి కాపాడాలని మీరు అన్నం మానేశారో, ఆ నోటీసు మీద సంతకం ఆవిడది. నోటీసు కాగితం తెప్పించుకుని స్వయంగా చూశాను. ఆ సంతకం మా రిజిస్ట్రారు గారి సంతకం కంటే అధ్వాన్నం. తేజేశ్వర్ చదవలేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

తరవాత ఆవిడ చెప్పినదంతా వాడు నా చెవిలో అరిచాడు. ఆ మొక్కలు ఆవిడ, చనిపోయిన వాళ్ళాయన కలిసి పెట్టుకున్నవట. ముందు చారెడు జాగా. పాకి అంతయ్యాయి. మొదటి రోజు మిమ్మల్ని అడిగింది ఇదీ: "నా మొక్కలు మీ వైపు వచ్చేస్తున్నాయి, మీకు ఇబ్బందిగా ఉందా, తీసెయ్యనా?" మీరు తల ఊపారు. కమిటీ అధ్యక్షురాలై ఉండి పక్కవాళ్ళకి ఇబ్బంది కలిగించానని ఆ రాత్రి నిద్రపోలేదట. మర్నాడు పీకి, చెత్తబండి కోసం హద్దున పెట్టి, అవి బండెక్కడం చూడలేక కారు వేసుకుని ఎటో వెళ్ళిపోయింది. గోనెగుడ్డ తడపడం ఎందుకంటే, పారేసే ముందు కూడా ఎండనివ్వడానికి మనసు రాలేదట.

రాత్రి వచ్చి కారు దీపాల వెలుగులో చూస్తే తను పారేసినవన్నీ మీ ఇంటి ముందు వరసల్లో నిలబడి ఉన్నాయి.

అయినా నోటీసు ఇచ్చింది. నియమం నియమమేనట. తన ఇంటికి కూడా తను నోటీసు ఇచ్చుకుందట, హద్దు దాటినందుకు. అలాంటి మనిషి మా ఆఫీసులో ఉంటే సగం కేసులు ఉండేవి కావు. ఈ ఒక్క విషయంలో నేను తొందరపడి రాశానని ఒప్పుకుంటున్నాను. మిగతా విషయాలు తరవాత.

ఆ తరవాత ఆవిడ మీ ముందుకి వచ్చి, మొదటి రోజు అడిగిన మాటే, మొక్కలు చూపిస్తూ, అదే మాదిరిగా అడిగింది. "తీసెయ్యనా?" అని. చంద్రిక అర్థం చెప్పబోయింది. మీరు ఆగలేదు. తల అడ్డంగా ఊపారు.

మిమ్మల్ని పెళ్ళిచూపుల నాటినుంచి చూస్తున్నాను. ఆ తల అటు తిరుగుతుందని నాకు తెలియదు.

మిగతా ఇద్దరూ ఒప్పుకున్నారు. వాలు మీద గడ్డి ఎలాగూ వానకి కొట్టుకుపోతోందట. ఒకటే షరతు, మొక్కలు వరసల్లో ఉండకూడదు. ఈ దేశంలో అడ్డదిడ్డంగా నాటితేనే అందం. తేజేశ్వర్ ఫిర్యాదు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "మామయ్యగారూ, చెబితే నేనూ ఓ చెయ్యి వేసేవాణ్ణి కదా," అన్నాడు. వాడికి మట్టి అంటడం నేనెప్పుడూ చూడలేదు. అయినా అన్నాడు.

ఇక నా సంగతి. షామ్‌బర్గ్‌లో బెంచీ మొత్తం ఫోటో కోసం చూస్తోంది. కాబట్టి మధ్యలో నాలుగు మొక్కలు తీయించి గోంగూర చల్లుదాము. పెరిగాక నేను బూట్లు, టోపీతో నిలబడతాను. ఎలాగూ మీరు ఒప్పుకుంటారు కాబట్టి విత్తనాలు మధ్యాహ్నమే నానబెట్టాను.

ఇట్లు
పై గది నుంచి
శేషగిరి

తా.క. మాట్లాడడం లేదు కానీ, పప్పు బాగుందని చంద్రికతో చెప్పండి.

---

ఆష్‌బర్న్, కింద గది
అదే రోజు

బావగారికి నమస్కారాలు.

వద్దు.

గోంగూర వెనక వైపు వేద్దాము. ఫోటోకి ఒక ఉపాయం ఉంది. మీరు హెదర్ అంచున బోర్లా పడుకోండి. టోపీ పెట్టుకోండి. చంద్రిక ఫోను నేల మీద పెట్టి తీస్తుంది. ఒకరోజు హద్దు మీద కుర్చీలోంచి జారి పడినప్పుడు నాకు అలాగే కనిపించింది. కంటికి ఆనినంత మేర హెదరే.

మీ
వీరాంజనేయులు

తా.క. సాయంత్రం డోరతీ గారి వాకిట్లో ఒక లారీ వచ్చి మొక్కల మొదళ్ళ చుట్టూ పరిచే దేవదారు బెరడు పొడి కుప్పగా పోసి వెళ్ళింది. మన ఇంటి కప్పు అంత ఎత్తు ఉంది. ఆవిడ వచ్చి, వరండాలో ఆరబెట్టిన మీ బూట్లు చూపించి, ఏదో అడిగారు. నేను తల ఊపాను. ఏం ఒప్పుకున్నానో తెలియదు. పొద్దున్నే లేవండి.